క్లచ్ ముట్టనివ్వని మనిషి

మీకిప్పుడు ఒక మహావీరుడి గాథ చెప్పబోతున్నాను. మబ్బుల్ని తాకే కొండ, బుసలు కొట్టే గుర్రం, వెన్ను చూపని యోధుడు, చివర వీరమరణం. అన్నీ ఉన్నాయి. కాళ్లు చాపుకొని కూర్చోండి.

చాపుకున్నారా? ఇక ముడుచుకోండి. కొండ అన్నది రెంజల్ దాటాక రోడ్డు పక్కనున్న మొరం గుట్ట, అంటే ఎర్ర కంకరమట్టి దిబ్బ. మూడు తాటిచెట్ల ఎత్తుంటుంది, అదీ మూడూ పొడుగు చెట్లయితే. గుర్రం అన్నది చక్కెర ఫ్యాక్టరీ వాళ్లు తుక్కు కింద వదిలేసిన హండ్రెడ్ సీసీ బండి. మడ్‌గార్డులు పీకేసి, వెనకాల గుబ్బల టైరు వేయించాడు కాబట్టి డర్ట్ బైక్ అని పిలిచేవాళ్లం. బుసలు కొట్టేది కాదు, దగ్గేది. యోధుడికి యాభై ఎనిమిదేళ్లు, షుగరు, ఎడమ కాలు కుంటు. ఇక మిగిలింది వీరమరణం. నా ఒళ్లు మండింది దాని గురించే కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

కంఠేశ్వర్‌లో ఒక ల్యాబ్‌లో రక్తం తీయడం నా ఉద్యోగం. నన్ను చూడగానే జనం చెయ్యి చాపి మొహం తిప్పుకుంటారు, అలవాటైపోయింది. మొన్న పొద్దున డ్యూటీకి పోతుంటే చౌరస్తాలో స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ కనబడింది. గాల్లో ఎగురుతున్న ఒక ఫారిన్ బండి, దాని మీద ఒక ఫారిన్ ఒళ్లు, ఆ ఒంటి మీద మన యోధుడి, అంటే మా ఫీల్డ్‌మ్యాన్ సాబ్ తలకాయ. ఆధార్ కార్డులోంచి కత్తిరించినట్టున్నారు, గాల్లో ఉన్నా కూడా రేషన్ షాపులో నిలబడ్డ మొహమే. కింద పెద్దక్షరాలు: ‘గుట్ట కోసమే బతికి, గుట్ట కోసమే ప్రాణమిచ్చిన గుట్టల వీరుడికి అశ్రునివాళి. ఈ ఆదివారం స్మారక గుట్టెక్కుడు పోటీ.’ ఇంకా కింద నల్లద్దాలు పెట్టుకున్న పదకొండు తలకాయలు. అన్నిటికంటే పెద్దది మా దోస్తు శ్రీకాంత్‌ది. చనిపోయిన మనిషి తలకాయ కంటే కూడా పెద్దది.

అక్కడే బండి ఆపి ఫోన్ చేశాను.

“శ్రీకాంతన్నా, సాబ్ గుట్ట మీద ఎప్పుడు సచ్చిండే?”

“అరె, ఫ్లెక్సీల జర గట్లుంటేనే మంచిగుంటది రా.”

“యూరియా లైన్ల సచ్చిండని రాయకపోయినవ్?”

“యూరియా అంటే ఎవడొస్తడు రా పోటీకి?”

కోపం ఎందుకొచ్చిందంటే, అతను చెప్పింది నిజం. యూరియా అంటే ఎవడూ రాడు.

మొన్న వానాకాలం సంగతి అది. కౌలుకు తీసుకున్న రెండెకరాలకు రెండు బస్తాల యూరియా కోసం సాబ్ పొద్దున్నే వచ్చి సహకార సొసైటీ ముందు చెప్పులు పెట్టాడు. మా దగ్గర యూరియా లైన్‌లో మనుషులు నిలబడరు, చెప్పులు నిలబడతాయి. మనుషులు గోడ నీడకు కూర్చుంటారు. లైన్ కదిలినప్పుడల్లా వెనకవాడు తన చెప్పులతో పాటు ముందువాడి చెప్పుల్ని కూడా కాలితో ఇంత ముందుకు జరుపుతాడు. పదకొండు గంటలప్పుడు సాబ్ గోడకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే పక్కకు ఒరిగాడు. ఆటోలో వేసుకొని బోధన్ ఆస్పత్రికి తీసుకుపోయారు. దారిలోనే అయిపోయిందన్నారు. చెప్పుల కోసం నేను సొసైటీకి పోయేసరికి అవి పదహారో నంబరు నుంచి నాలుగో నంబరుకు చేరాయి. ఎవరో మర్యాదగా జరుపుతూనే ఉన్నారు. ఎవర్ని తిట్టాలో తెలియక చెప్పులు చేతిలో పట్టుకొని అక్కడే నిలబడ్డాను. అప్పుడు ఐదో నంబరు పెద్దమనిషి, “బాబూ, నువ్వు లైన్ల ఉన్నవా, లేవా? సక్కగ చెప్పు” అన్నాడు.

ఇందులో కవిత్వం వెతక్కండి. గుట్టలెక్కినవాడు నేల మీద కూలాడు లాంటి వాక్యాలు ఎవరైనా రాస్తే వాళ్ల రక్తం నేనే తీస్తాను, సన్న సూదితో కాదు.

ఫీల్డ్‌మ్యాన్ అంటే ఫ్యాక్టరీ తరఫున ఊళ్లు తిరిగి ఎవరి చెరుకు ఎప్పుడు కోయాలో చెప్పే ఉద్యోగి. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా ఆయన చెప్పడం మానలేదు. రోడ్డు పక్కన ఎవరి తోట కనబడినా బండి ఆపి, లోపలికి పోయి, ఒక గడ విరిచి, నమిలి, ఉమ్మి, “ఇంకో పదిహేను దినాలు” అని తీర్పు ఇచ్చేవాడు. ఎవరూ అడగలేదు. తోట యజమాని అక్కడ ఉండడు. ఉన్నా, కోసిన చెరుకు తోలడానికి ఫ్యాక్టరీ ఉండదు. నమలగా మిగిలిన గడ మాత్రం పారేసేవాడు కాదు. అది మా కోసం.

మేం నలుగురం గుట్ట దగ్గర బండ్లతో కుస్తీ పడుతుంటే ఒకరోజు ఆయనే వచ్చి చేరాడు. రమ్మన్నది ఎవరూ లేరు. కాసేపు చూసి, ముక్కు ఎగబీల్చి, “మీరు గుట్ట ఎక్కుతున్నరా, గుట్ట మీద కోపం తీర్చుకుంటున్నరా?” అన్నాడు. తర్వాత తన దగ్గే బండిని తీసుకొని, అరుపు లేదు, గంతు లేదు, కిరాణా కొట్టుకు పోయినట్టు పైకి పోయి, తిప్పుకొని వచ్చాడు. వానాకాలంలో నల్లరేగడి కెనాల్ కట్టలెక్కి చెరుకు తోటల్లో దిగిన ముప్పై ఏళ్ల ఉద్యోగం ఆ రెండు చక్రాల్లో ఉంది. మాకు మాత్రం ఆయన చెంచాడు దుమ్ము కూడా లేపలేదే అని చప్పగా అనిపించింది.

ఆయన దగ్గర నేర్చుకోవాలంటే మొదటి రోజు బండి ముట్టొద్దు. గుట్టను నడిచి ఎక్కాలి, నడిచి దిగాలి. ఎక్కడ మొరం వదులుగా ఉంది, ఎక్కడ రాయి పొడుచుకొచ్చింది, ఎక్కడ వాన కోసిన చాలుంది, కాలితో తొక్కి చూడాలి. “ఈడ్నుంచి సూస్తే గుట్ట ఫోటో లెక్క ఉంటది మియా. తొక్కితెనే తెలుస్తది అది ఏందో.” రెండో రోజు దారి గీసేవాడు. అడ్డంగా వద్దు, వంకర వద్దు, నిట్టనిలువుగా ఒకటే గీత. ఊపు కింద నేల మీదే తెచ్చుకోవాలి. గేరు కూడా కిందే. రెండో గేరు. వాలు మీద గేరు మార్చినవాణ్ణి నమ్మకద్రోహిని చూసినట్టు చూసేవాడు. సీటు మీద కూర్చోవద్దు. లేచి నిలబడి, మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టి, ఛాతీ హ్యాండిల్ మీదికి వంచాలి. మరీ వంగితే వెనక టైరు పట్టు వదిలి ఉత్తగా తిరుగుతుంది. వంగకపోతే ముందు చక్రం లేచి మనిషిని వెనక్కి విసిరేస్తుంది. ఎంత వంగాలి అని అడిగితే, “దర్గల సలాం కొట్టినంత. నొసలు నేలకానిచ్చి సజ్దా జేసినంత కాదు” అనేవాడు. యాక్సిలరేటర్ ఒకటే తీరు. చూపు గుట్ట కొస మీద. “టైరును సూసుకుంట పోతే టైరు కాడ్నే ఆగుతవ్.” కొస ఇంకో నాలుగడుగులు ఉందనగా తగ్గించాలి, అవతల ఏముందో మనకేం తెలుసు? మేకలు ఉండవచ్చు, ఒకసారి ఉన్నాయి కూడా.

ఇవన్నీ మేం తొందరగానే నేర్చుకున్నాం. నేర్చుకోలేకపోయింది ఒక్కటే, ఎడమ చెయ్యి. సగం గుట్టలో ఇంజన్ ఆగిపోతుంది. ఆగగానే ఎవడైనా చేసే మొదటి పని క్లచ్ పట్టడం. పట్టావా, బండి విడిపోయినట్టే, నీతో సహా గడగడా వెనక్కి వస్తుంది. పట్టకపోతే ఆగిన ఇంజనే వెనక చక్రాన్ని బిగించి ఉంచుతుంది. ముందు బ్రేకు గట్టిగా పట్టి, బండిని పైవాలు వైపు మెల్లగా పండబెట్టి, కాలు తీసేసుకొని, పక్కన కూర్చోవాలి. అంతే. కానీ టౌన్‌లో సిగ్నల్ సిగ్నల్‌కూ క్లచ్ పట్టిన చెయ్యి ఊరుకోదు. అందుకే ఆయన వాలు మధ్యలో ఒక పక్కకు, చెరుకు గడతో నిలబడేవాడు. ఎడమ చేతి వేళ్లు లేచాయా, గణుపు దగ్గర ఠపీమని ఒకటి. “ఇడువు! అది మీ అత్తగారి చెయ్యి కాదు పట్టుకోనీకి!” నాకు పెళ్లి కాలేదు, అయినా దెబ్బ తగిలేది.

బండి ఎక్కుతున్నప్పుడు వాలు కింద ఒక్క మనిషి కూడా నిలబడొద్దు. ఇది ఆయన రెండో చట్టం. దీని మీద హాస్యం పనికిరాదు. నేను ఒకసారి చేశాను, గడ విరిగింది.

ఇక మా బోధన్ పక్కోళ్లకే చేతనయ్యే ఒక తప్పుంది. చెరుకు ట్రాక్టర్ లోడుతో చడావు ఎక్కేటప్పుడు వెనక బరువుకు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. అందుకని ఇద్దరు పోయి బానెట్ మీద కూర్చుంటారు. అది చూస్తూ పెరిగాం. ముందు బరువుంటే ఏదైనా ఎక్కుతుంది అన్నది మాకు ఎవరూ నేర్పనక్కర్లేని సత్యం. అందుకే శ్రీకాంత్ ఒకరోజు ఇసుక మూట తెచ్చి బండి ట్యాంకు మీద కట్టాడు. సాబ్ దూరం నుంచే చూసి కుంటకుండా పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి కాలు బాగానే ఉంది.

“ఏంది మియా గది?”

“బ్యాలెన్స్, సాబ్. ట్రాక్టర్ మీద కూసుంటరు కదా.”

“ట్రాక్టర్ ఎనక పది టన్నుల చెరుకుంది. నీ ఎనక ఏముంది? పెండ్లాం గూడ లేదు!” అని మూట విప్పి ఆ ఇసుకంతా శ్రీకాంత్ చెప్పుల మీదే పోశాడు. “ముంగట బరువు పెడితే ఎనక టైరు తేలిపోతది. ఉత్తగ తిరుగుతది, ఆగుతది, నువ్వు క్లచ్ పడ్తవ్, నేను మీ అమ్మకు జవాబు చెప్పాలె.”

ఇప్పుడు నేను చెప్పడం ఇష్టంలేని సంగతి. ఆరేళ్ల కిందట, నాకు పంతొమ్మిదేళ్లప్పుడు. సగం గుట్టలో నా బండి ఆగింది. ఆ రోజు ఆయన గడ నాకు అందనంత పైన ఉన్నాడు. నా ఎడమ చెయ్యి చేయాల్సిన వెధవపని చేసింది. బండి వెనక్కి జారింది. వాలు కింద, నిలబడకూడని చోటే, శ్రీకాంత్ ఫోన్ పెట్టి వీడియో తీస్తున్నాడు. బండి నేరుగా అతని మీదికే పోతోంది, అతనేమో స్క్రీన్‌లో చూస్తున్నాడు. స్క్రీన్‌లో అది చిన్నగా, అందంగా కనబడి ఉంటుంది. సాబ్ పైనుంచి మొరంలో జారుతూ బండిని దాటి వచ్చి, దాని వెనక గుబ్బల టైరుకు ఎడమ కాలు అడ్డం పెట్టాడు. కాలి ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. చెరుకు గడ విరిచినట్టే అని రాయబోయాను, కానీ కాదు. దానికంటే చిన్న చప్పుడు.

నేల మీద పడుండి ఆయన అన్న మొదటి మాట, “క్లచ్ పట్టినవా?”

“పట్టిన సాబ్.”

“గాడిది కొడుక.”

రెండో మాట, “మా ఇంటామెకు చెప్పకుండ్రి. గుట్ట మీద ఇరిగిందంటే బండి తాళంచెయ్యి దాచిపెడ్తది. గుసల్‌ఖానల జారిన అని చెప్త.”

అలా కాలు స్నానాలగదిలో విరిగింది. ఆరేళ్లు మేమిద్దరం కూడా అదే చెప్పాం. ఆయన కోసమని అనుకున్నాం. నిజానికి అందులో మా ఇద్దరి సౌకర్యం కూడా ఉంది. ఇప్పుడు ఆయన పోయాక శ్రీకాంత్ ఇంకో మెట్టు ఎక్కాడు. గుట్ట మీంచి గుట్ట మీదికి దూకుతూ కాలు విరగ్గొట్టుకున్నాడని మైకులో చెప్పబోతున్నాడట. నిజం చెబితే ఆయన ఇంకా పెద్దవాడవుతాడు, కాకపోతే అందులో మా ఇద్దరి పేర్లుంటాయి.

ఆదివారం పోయాను. తిట్టడానికే పోయాను. డీజే పెట్టారు, షామియానా వేశారు, మంచినీళ్లు లేవు. సాబ్ బండికి బంతిపూల దండ వేశారు. మొదటి ఎక్కుడు దాని మీద శ్రీకాంత్‌ది. దండ పక్కన, ట్యాంకు మీద, ఇసుక మూట. ముఖ్య అతిథి సాబ్ భార్య. మేం ఆపా అంటాం, అక్క అని. ఆమెకు పూలు చుట్టిన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఎక్కడ? వాలు కింద, గీతకు సూటిగా. ఫోటోలో గుట్టా, బండీ, ఆపా ముగ్గురూ రావాలట.

“అన్నా, మూట ఇప్పు” అన్నాను.

“షురూ చేసినవా? గీ బండికి ముంగట బరువు లేదురా. ఎక్కకుంటే నా ఇజ్జత్ పోతది.”

“ఆయన నీకే చెప్పిండు కదనే. నీ చెప్పుల మీదనే పోసిండు ఇసుక.”

“ఆయన ఉన్నప్పుడు ఆయన లెక్క. ఇప్పుడు పోటీ కమిటీ అధ్యక్షుణ్ని నేను.”

ఆయన పేరు మీద పోటీ పెట్టి, ఆయన బండి ఎక్కి, ఆయన వద్దన్న రెండు పనులూ ఆయన భార్య ఎదురుగా చేస్తున్నారు. నాకు తిట్లు రాలేదు. కోపం ఎక్కువైతే నాకు జోకులు కూడా రావు, అదో ఇబ్బంది. ఆపా దగ్గరికి పోయి, “ఆపా, కుర్చీ జర పక్కకు తీస్కుందాం. బండి ఎనకకొస్తే మీ మీదికే వస్తది” అన్నాను.

ఆమె గుట్టను చూసింది. మూటను చూసింది. “ఆ మూట ఎందుకు గట్టిండ్రు?”

“ముంగట బరువుండాలెనట.”

“ఆయన గట్టేటోడా?”

“కట్టినోన్ని కొట్టేటోడు.”

ఆమె బురఖా సర్దుకొని కుర్చీలో ఇంకా వెనక్కి కూర్చుంది. “ఐతె నేను జరగ. ఆ మూట ఇప్పమను, అప్పుడు జరుగుత.”

డీజే ఆగింది. ముఖ్య అతిథి ధర్నా చేసే సభ మా జిల్లాకు కొత్త కాకపోయినా గుట్టకు కొత్త. శ్రీకాంత్ హెల్మెట్ తీసి వచ్చాడు. “ఆపా, అందరు సూస్తున్నరు. జర పక్కకు రాండ్రి. సాబ్ కాలు ఇరిగినా గుట్ట ఇడ్వలేదు, గట్లాంటి మనిషి పేరు మీద...”

“కాలు ఏడ ఇరిగింది?”

శ్రీకాంత్ నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. ఆరేళ్ల అబద్ధం ఎవరు మోయాలో కళ్లతోనే బేరం నడిచింది.

“గుసల్‌ఖానల... కద ఆపా?” అన్నాడు.

“గుసల్‌ఖానల జారితే కాలు మీద టైరు అచ్చు పడ్తదా బేటా?” అంది ఆపా. గొంతు పెంచలేదు. “నెల దినాలు నేనే నూనె రాసిన. గుబ్బ గుబ్బ లెక్క పెట్టిన. ఎవ్వని టైరో నాకెర్క లేదు, అడగలే. అడిగితే బండి తాళంచెయ్యి దాచాలె, అది నాకు ఇష్టం లేకుండె. మీరన్న జర చెప్తరేమో అని ఇన్ని దినాలు సూసిన.”

“నాది ఆపా” అన్నాను. “క్లచ్ పట్టిన.”

“ఎనక నిలబడింది నేను” అన్నాడు శ్రీకాంత్.

“మంచిగుంది. ఇప్పుడు ఎనక నేను కూసున్న. క్లచ్ పట్టు, సూద్దాం.”

ఆమె నవ్వలేదు. ఆమెకు కూడా ఒళ్లు మండుతూనే ఉంది. మూడు నెలలుగా మండుతోంది. సొసైటీ మీద, లైన్ మీద, ఫ్లెక్సీ మీద, ఆధార్ ఫోటో మీద. మొదటిసారి దానికి ఒక కుర్చీ దొరికింది.

శ్రీకాంత్ మూట విప్పాడు. ముడి బిగుసుకుపోతే పళ్లతో విప్పాడు. ఆపా లేచి, ఎవర్నీ ముట్టనివ్వకుండా తన కుర్చీ తనే మోసుకొని ఇరవై అడుగుల పక్కకు వేసుకుంది. కింద నిలబడ్డ జనం ఎవరూ చెప్పకుండానే చెరో పక్కకు చీలారు.

శ్రీకాంత్ బాగానే మొదలుపెట్టాడు. కింద ఊపు, రెండో గేరు, లేచి నిలబడ్డం, అన్నీ. సగం దాకా నాకు అసూయ కూడా కలిగింది. అక్కడ ఫోటోగ్రాఫర్‌ను చూశాడు. చూపు కొస మీంచి పోయింది, చక్రం వదులు మొరంలో దిగింది, బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

“క్లచ్! క్లచ్ పట్టన్నా!” అని పదిమంది అరిచారు. టౌన్ పోరగాళ్లు కదా.

“ఇడువు!” అని నేనూ, నాకంటే గట్టిగా ఆపా.

శ్రీకాంత్ ఎడమ చేతి వేళ్లు లేచాయి. లివర్ దాకా పోయాయి. దాన్ని ముట్టకుండా, కాలిన పెనం మీంచి తీసినట్టు మళ్లీ విచ్చుకున్నాయి. బండి ఉన్నచోటే బిగుసుకొని నిలబడింది. అతను ముందు బ్రేకు పట్టుకొని, దాన్ని మెల్లగా పైవాలు వైపు వంచి పండబెట్టి, కాలు లాక్కొని, పక్కన మొరంలో కూర్చున్నాడు. చప్పట్లు పడలేదు. పడిపోయాడనుకున్నారు జనం. ఆపా మాత్రం, “హా. మంచిగ పండవెట్టిండు” అని కళ్లు తుడుచుకుంది. దుమ్ము కూడా ఉంది లెండి.

ఆ తర్వాత పక్క గీతలో తమ తమ బండ్ల మీద ఎక్కిన ఏడుగురిలో ఒక్కడూ కొస చేరలేదు, కప్పు ఎవరికీ ఇవ్వలేదు. శ్రీకాంత్ మైకు తీసుకొని యూరియా లైన్ సంగతి చెప్పాడు, కాలు సంగతి చెప్పాడు. అప్పటికి సగం మంది వెళ్లిపోయారు. నేను గుట్టెక్కి సాబ్ బండి దగ్గరికి పోయేసరికి మొరం తడిసి నల్లగా ఉంది. ఈ రకం పాత బండిని పండబెట్టాక పెట్రోలు నాబ్ మూసేయాలి. లేకపోతే కార్బురేటర్‌లోంచి కారిపోతుంది. శ్రీకాంత్ అది మరిచాడు, నేను వంగి మూశాను.